‘కావాలి’ అనిపించని మనిషి

ఈ మధ్య ఎవరి నోట విన్నా డోపమైన్ అనే మెదడు రసాయనం మాటే. ఫోను చూస్తే డోపమైన్, మిఠాయి తింటే డోపమైన్. మా వీధి చివర బట్టలు కుట్టే టైలర్ కూడా మొన్న నన్ను ఆపి, "సార్, నాకు డోపమైన్ తగ్గినట్టుంది, ఏమన్న గోలీ ఉన్నదా?" అని అడిగాడు. రాత్రి తొందరగా పడుకోమని చెప్పి పంపాను. ఆ మాటను ఇంత తేలిగ్గా వాడేవాళ్లను చూస్తే నాకు అనుమానం. వాడేది డాక్టరైతే మరీ అనుమానం.

ఆర్మూర్‌లో పసుపు యార్డుకు పోయే దారిలో, ఒక ఎరువుల దుకాణం మీది అంతస్తులో ముప్పై ఏళ్లకు పైగా ప్రాక్టీసు చేశాను. ఏడాది కిందట బోర్డు తీసేశాను. ఇప్పుడు కొత్తగా ప్రాక్టీసు పెడుతున్న డాక్టర్లు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "ఈ పని అసలు ఎట్లుంటది సార్?" అని అడుగుతారు. నా జవాబు ఒకటే. ఈ పనిలో ఎక్కువ భాగం అనుమానించడమే. రోగి మాటను, ఇంటివాళ్ల మాటను, రిపోర్టును, మందుల కంపెనీ మనిషిని, చివరికి నిన్ను నువ్వు. ఈ ఆఖరిది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. నా ఆలస్యానికి బాధ పడింది నేను కాదు, సుజాత అనే ఒక ఆమె.

పెద్ద సారు

హైదరాబాద్‌లో నాకు పని నేర్పిన ప్రొఫెసర్‌ను మేమంతా పెద్ద సారు అనేవాళ్లం. రిపోర్టులో ‘నార్మల్’ అని కనబడితే చాలు, మూడు ప్రశ్నలు వేసేవారు. ఎప్పుడు తీశారు, ఎవరు చూశారు, దేనికోసం వెతికారు. ఈ మూడింటికీ జవాబు లేకపోతే ఆ కాగితాన్ని పక్కన పడేసేవారు. ఆ అలవాటు నా చేతుల్లో ఎందరి ప్రాణాలనో కాపాడింది.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. మనసులోకి వచ్చిన ప్రతి అనుమానాన్నీ రోగి మంచం పక్కనే నిలబడి పైకి అనేసేవారు. "ఈమె నటిస్తోందేమో." "వీడు తాగి పడిపోయి ఉంటాడు." చుట్టూ ఉన్న చుట్టాలు వినేవాళ్లు. మేము అది ధైర్యం అనుకునేవాళ్లం. నేను ఆయన దగ్గర ఈ రెండు అలవాట్లూ నేర్చుకున్నాను. వాటిలో ఏది మంచిదో విడదీసి చూడలేదు.

గంగాధర్ నిద్ర

గంగాధర్‌ది మోర్తాడ్ పక్క ఊరు. నలభై దాటిన మనిషి. పసుపు ఉడకబెట్టే బాయిలర్, పాలిష్ పట్టే డ్రమ్ము ట్రాక్టరుకు తగిలించుకుని సీజనంతా ఊరూరా తిరిగేవాడు. ఒక్క చోట కుదురుగా కూర్చోడని పేరు. అలాంటివాడు ఒక మార్చి మధ్యాహ్నం, పాలిష్ డ్రమ్ము తిరుగుతుండగానే పక్కన గోనె సంచుల మీద ఒరిగి నిద్రపోయాడు. ఎంత లేపినా లేవలేదు. కళ్లు తెరిచేవాడు, మళ్లీ మూసేవాడు.

తల్లి రాజవ్వ, భార్య సుజాత ఆటోలో తెచ్చారు. యార్డు నిండా పసుపు వచ్చే రోజులవి. ఆ దుమ్ముకు దగ్గుతూ బయట బెంచీల మీద యాభై మంది కూర్చుని ఉన్నారు. నేను రక్తపోటు చూశాను, షుగర్ చూశాను, కాళ్లూ చేతులూ కదిలించి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. తలకు సీటీ స్కాన్ తీయించాను. రెండు గంటల్లో రిపోర్టు వచ్చింది. నార్మల్.

పెద్ద సారు మూడు ప్రశ్నలు ఆ క్షణంలో గుర్తు రాలేదంటే అబద్ధమవుతుంది. గుర్తొచ్చాయి. మెదడులో చిన్న రక్తనాళం మూసుకుపోతే మొదటి గంటల్లో ఆ స్కాన్‌లో కనబడకపోవచ్చని నాకు తెలుసు. కానీ బయట దగ్గులు వినబడుతున్నాయి. పైగా నా దగ్గర వేరే జవాబు అప్పటికే సిద్ధంగా ఉంది. మా ప్రాంతంలో కల్లులో మత్తు గోలీలు కలపడం అందరికీ తెలిసిన సంగతే. అట్లా మత్తెక్కి వచ్చినవాళ్లను వందల మందిని చూశాను.

"కల్లు ఎంత తాగిండు?" అని అడిగాను.

"ఆయన కల్లు ముట్టడు సార్," అంది సుజాత.

"నిజంగనే ముట్టడు," అంది రాజవ్వ కూడా.

అప్పుడు నేను, చీటీ మీద నుంచి తల కూడా ఎత్తకుండా, తలుపు దగ్గర నలుగురు వింటుండగా ఇలా అన్నాను. "తాగకుంటే ఎవరో కలిపి పెట్టి ఉంటరు. మత్తు ఊకెనే లోపలికి పోదు కదా."

అంతే. సెలైన్ పెట్టించాను. రెండో రోజుకు గంగాధర్ కళ్లు తెరిచి, పేరు అడిగితే పేరు చెప్పి, నడవమంటే నడిచాడు. నా అనుమానమే నిజమైందని తృప్తిగా ఇంటికి పంపించాను.

సుజాత వచ్చిన రోజు

మూడు వారాల తర్వాత సుజాత ఒక్కతే వచ్చింది. టోకెన్ తీసుకోలేదు. అందరూ వెళ్లేదాకా బెంచీ మీదే కూర్చుని, మధ్యాహ్నం నేను లేవబోతుంటే లోపలికి వచ్చింది.

"సార్, మీరన్న మాట మీదనే నన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిన్రు," అంది. "గా మాట నిజమేనా? నిజమైతే నేనేం కలిపిన్నో నాకన్న చెప్పుర్రి."

నాకు మొదట ఏ మాటో గుర్తు కూడా రాలేదు. ఆమే చెప్పింది. ఇంటికి పోయాక గంగాధర్ పూర్తిగా మారిపోయాడట. పొద్దున మంచం మీద కూర్చుంటే సాయంత్రం దాకా అక్కడే. ట్రాక్టరు వైపు చూడడు. తిండి అడగడు. ఎవరి మీదా కోపం లేదు, ఏడుపు లేదు. తల్లి పక్కన కూర్చుని "తింటవా కొడుకా" అని బతిమాలితే ఉలకడు, పలకడు. సుజాత వచ్చి "తిను" అంటే మాత్రం తింటాడు. రాజవ్వకు ఇంతకంటే రుజువు ఏం కావాలి? పెళ్లాం మాటకు తప్ప లేవని కొడుకు. పైగా డాక్టరే అన్నాడు, ఎవరో కలిపి పెట్టారని. సుజాతే వశం చేసుకునే మందు పెట్టిందని, దాన్ని కక్కించేవాణ్ని పిలిపించారు. వాడు ఏవో ఆకుల రసం పోసి గంగాధర్‌తో వాంతి చేయించి, అందులోంచి వెంట్రుకల ఉండ ఒకటి తీసి చూపించాడు. ఆ సాయంత్రమే సుజాతను బయటికి పంపారు. పదేళ్ల కూతుర్ని మాత్రం రాజవ్వ పంపలేదు. సుజాత బాల్కొండలో అక్క ఇంట్లో బీడీలు చుట్టుకుంటూ ఉంది. మోర్తాడ్ వైపు పోతే కొడతామని కబురు పెట్టారట.

ఒక మాట దాచకుండా చెప్పాలి. అంతా విన్నాక కూడా నా అనుమానం పూర్తిగా పోలేదు. "నిజంగ నువ్వేం ఇయ్యలేదా?" అని అడిగాను.

ఆమె నా వైపే చూస్తూ, "ఇచ్చిన సార్. బువ్వ పెట్టిన," అంది.

నేను తల దించుకున్నాను. తర్వాత ఆమె తనకై తాను చెప్పిన సంగతి ఒకటి నన్ను లేవనివ్వలేదు. "ఒకనాడు ఎండల జర కూసో అని చెప్పి, నేను బట్టలు పిండుకుంట మర్చిపోయిన. రెండు గంటలు ఎండల్నే కూసున్నడు సార్. చెమటలు కారుతున్నయి. నీడకు జరుగాలెనని ఎందుకు అనుకోలే అంటే, నువ్వు చెప్పలేదు గద అన్నడు."

మత్తు మందు మూడు వారాలు ఉండదు. మనోవ్యధ ఉన్నవాడు చెప్పిన ప్రతి పనీ చటుక్కున చేయడు. చెబితే అన్నీ చేయగలిగి, చెప్పకపోతే ఏదీ మొదలుపెట్టలేని మనిషి గురించి నేను ఎప్పుడో చదివాను. చదివి, ఇక్కడ ఇవన్నీ ఎవరికి వస్తాయిలే అని పుస్తకం మూసేశాను.

రెండు మచ్చలు

నిజామాబాద్‌లో ఎంఆర్ఐ తీయించాలి. గంగాధర్ తల్లి చేతిలో ఉన్నాడు. రాజవ్వకు ఫోన్ చేశాను.

"గా ఫొటో తీస్తే లోపల మందు ఎంత ఎక్కిందో కనవడ్తదా సార్?" అని అడిగింది.

"లోపల ఏమున్నా కనవడ్తది," అన్నాను. ఆమె నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని ఆమెను ఒప్పించాను. అది మంచి పని అనను. మళ్లీ అవసరం పడితే మళ్లీ అంటాను.

ఫిల్ములో మెదడు నడిమధ్యన, ఎడమన ఒకటి, కుడిన ఒకటి, పెసర గింజలంత మచ్చలు రెండు కనిపించాయి. ఆ చోటు పేరు థాలమస్. రెండు వైపులకూ ఒకే సన్నని రక్తనాళం పోయే మనుషులు కొందరుంటారు. అది ఒక్కటి మూసుకుంటే రెండు వైపులా దెబ్బ తగులుతుంది. మొదట గాఢమైన నిద్ర వస్తుంది, ఆ నిద్ర తగ్గాక ఈ కదలనితనం మిగులుతుంది. గంగాధర్‌ను కూర్చోబెట్టి పైన తిరిగే ఫ్యానును చూడమన్నాను. తల ఎత్తాడు గానీ కనుగుడ్లు పైకి పోలేదు. మొదటి రోజు రెప్పలు ఎత్తి ఆ చూపును పరీక్షించి ఉంటే అర నిమిషంలో దొరికేది.

"లోపల ఎట్లున్నది గంగాధర్?"

"ఏం లేదు సార్."

"బాధ ఉన్నదా?"

"లేదు."

"ఆకలైతదా?"

"అయితది," అన్నాడు. "తినాలెనని తెలుసు సార్. లేవాలెనని అనిపియ్యది."

నా వృత్తి జీవితంలో డోపమైన్ గురించి ఇంత స్పష్టమైన మాట నేను ఇంకెవరి నోటా వినలేదు. మా చదువులో థాలమస్ అంటే ఒక జంక్షన్. కంటి నుంచి, చెవి నుంచి, చర్మం నుంచి వచ్చే కబుర్లు అక్కడ ఆగి పైకి పోతాయని చెప్పారు. అది సగమే. దాని మధ్య భాగం నుంచి కొన్ని నరాల దారాలు మెదడు ముందు వైపు లోతుకు పోతాయి. ఏ పని చేస్తే ఏం దక్కుతుంది, దానికోసం లేవడం తగునా అని లెక్క చూసుకునే చోటది. డోపమైన్ అక్కడే విడుదలవుతుంది. అది ఆనందం కాదు, ‘కావాలి’ అని లోపలి నుంచి తోసే తోపు. థాలమస్ నుంచి పోయే ఈ దారాలు అక్కడ డోపమైన్‌ను పెంచగలవని, కొన్ని ముందుకు తోస్తే కొన్ని ఆపుతాయని జంతువుల్లో చూశారు. మనుషుల్లో అది అచ్చం అట్లాగే నడుస్తుందా అంటే, నడుస్తుందని గట్టిగా చెప్పేవాళ్లను కూడా నేను అనుమానిస్తాను. నాకు తెలిసింది ఇంతే. ఆ రెండు మచ్చల వల్ల గంగాధర్‌కు ఆకలి మిగిలింది, ఆకలి తీర్చుకోవాలన్న తోపు పోయింది. ఎవరైనా బయటి నుంచి తోస్తే కదులుతాడు.

రాజవ్వ వాకిట్లో

ఫిల్ము పట్టుకుని ఆ ఊరు పోయాను. రాజవ్వ వాకిట్లో పది పన్నెండు మంది చేరారు. గంగాధర్ ప్లాస్టిక్ కుర్చీలో, పక్క స్టూలు మీద చల్లారిన చాయ్. నేను ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూపించి, ఇది మందు పెట్టడం కాదని, నేను ఆ రోజు అన్నది తప్పని, సుజాతకు దీనితో ఏ సంబంధమూ లేదని చెప్పాను.

రాజవ్వ అంతా విని, నాతో కాదు, పక్కింటావిడతో అంది. "సార్ గూడ మర్లిండు. గామె ఈ సార్ కాడికి పోయొచ్చిందట. ఈయనకు ఏం పెట్టిందో ఏమో."

ఎవరూ నవ్వలేదు. రెండు ముక్కల్లో నేను విసిరిన అనుమానాన్ని ఊరంతా నమ్మింది. ఫిల్ము చేతిలో పట్టుకుని అరగంట చెప్పిన నిజాన్ని ఒక్కరూ నమ్మలేదు. కొత్త డాక్టర్లు ఈ వాకిలిని ఒకసారి మనసులో చూసుకోవాలి.

ఇక మాటలతో కాదనిపించింది. "అవ్వా, కొడుకును చాయ్ తాగుతవా అని అడుగు," అన్నాను.

"చాయ్ తాగుతవా కొడుకా?"

గంగాధర్ ఆమె వైపు చూశాడు. అంతే.

"ఇప్పుడు అడుగకు. చెప్పు. తాగు అని చెప్పు."

రాజవ్వకు అది చేతకాలేదు. ఆ కొడుకుకు ఎప్పుడూ గట్టిగా ఒక మాట చెప్పిన మనిషి కాదు. చివరికి గొంతు సవరించుకుని, "చాయ్ తాగు," అంది.

అతను కప్పు ఎత్తి మొత్తం తాగాడు.

"లేచి నిలవడుమను."

"లే," అంది. లేచాడు.

"తలుపు కాడికి పొమ్మను."

పోయి, తలుపుకు ఎదురుగా నిలబడ్డాడు. వెనక్కి రమ్మని ఎవరూ అనలేదు కాబట్టి అక్కడే నిలబడి ఉన్నాడు. చూస్తున్న వాళ్లలోంచి ఒక పెద్దమనిషి మెల్లగా, "గంగాధర్, ఇటు రా," అన్నాడు. వచ్చాడు.

"నువ్వు గూడ మందు పెట్టినవా అవ్వా?" అని అడిగాను. ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది. ఆమె అప్పటికే చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవారకు కూర్చుండిపోయింది. కొడుకు లేవడం చూసిన ఆనందం కాదది. ఏ మాట చెప్పినా లేచే కొడుకును చూసిన భయం.

రాజవ్వ కోడలికి క్షమాపణ చెప్పలేదు. నాలుగో నాడు మనవరాలిని వెంటబెట్టుకుని బస్సెక్కి బాల్కొండ పోయి, సుజాత అక్క ఇంటి ముందు నిలబడి, "పిల్ల జడ నాతోని అయితలేదు," అందట. సుజాత బీడీల చేట పక్కన పెట్టి, లేచి వాళ్ల వెంట వెళ్లింది.

గోలీ

గంగాధర్‌కు వణుకుడు రోగానికి ఇచ్చే గోలీ మొదలుపెట్టాను, డోపమైన్ చేసే పనే చేసేది. ఇట్లాంటి వాళ్లలో కొందరికి అది పనికొచ్చిందని చదివాను. రాసేముందు వారం రోజులు వెనకాడాను. అంతకు ముందు జక్రాన్‌పల్లి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చేవారు. వణుకుడు రోగానికి ఆయనకు ఇదే గోలీ ఇచ్చాను. వణుకు తగ్గింది. ఇంట్లో పసుపు కొమ్ములను పొడుగును బట్టి వేరు చేయడం మొదలుపెట్టారు. ముసలాయన హుషారయ్యాడని ఇంటిల్లిపాదీ సంతోషించారు, నేనూ సంతోషించాను. తిండి మాని, వేళ్లు పగిలి నెత్తురు కారుతున్నా వేరు చేసిన కుప్పలను మళ్లీ కలిపేసి మళ్లీ వేరు చేస్తున్నారని తెలిసేసరికి నాలుగు నెలలు గడిచాయి. గోలీ తగ్గిస్తే ఆగింది. ‘కావాలి’ అన్నది లేకపోతే ఒక రోగం, అదుపు తప్పితే ఇంకో రోగం. కాబట్టి సుజాతను కూర్చోబెట్టి, ఏ కొత్త పిచ్చి కనబడినా వెంటనే రమ్మని, గోలీ పని చేయకపోవచ్చని కూడా చెప్పి, అతి తక్కువ మోతాదు రాశాను.

రెండు నెలలకు గంగాధర్ ఒక పొద్దున ఎవరూ చెప్పకుండా లేచి, "చాయ్ ఉన్నదా?" అని అడిగాడట. తర్వాత ట్రాక్టరు మీది గుడ్డ తీసి తుడిచాడు. పాత మనిషి కాలేదు. బాయిలర్ వేరేవాళ్లకు ఇచ్చేశారు. రోజుకు మూడు నాలుగు పనులు తనకై తాను చేస్తాడు, మిగతావి చెబితే చేస్తాడు. నాకు ఆ మూడు నాలుగే గొప్పగా అనిపించాయి. తోటి డాక్టర్లకు చెప్పుకున్నాను కూడా.

ఆ తర్వాత కొన్నాళ్లకు సుజాత గోలీలు రాయించుకోవడానికి వచ్చింది. లెక్క చూస్తే గోలీలు పది రోజుల కిందటే అయిపోయి ఉండాలి అనిపించింది. అడిగాను.

"నేనే బంద్ చేసి చూసిన సార్. పదొద్దులు. ఆయనకు గూడ చెప్పలే, ఉత్త బెల్లం ముక్క ఇచ్చిన."

"నన్ను అడగకుండ ఎందుకు ఆపినవమ్మా? ఏమన్న అయితే?"

"మీరు చెప్పింది నిజమా కాదా చూడాలె గద సార్. మావోళ్లు ఒకసారి మీ మాట నమ్మి చూసిన్రు." ఆమె గొంతులో కోపం లేదు. "ఐదొద్దులు బాగనే ఉన్నడు. ఆరోనాటికెల్లి మళ్ల కూసున్న కాడ కూసున్నట్టే. చాయ్ అడుగలే. మళ్ల గోలీ ఏసిన. వారం దాటినంక అడిగిండు."

ఇంత కచ్చితమైన పరీక్ష నా చేతులతో నేను ఒక్కటీ చేయలేదు. అయినా ఒక్క మనిషి, ఒక్కసారి. కాకతాళీయం కావచ్చని నాలోని పెద్ద సారు అంటూనే ఉన్నారు. నేను పైకి ఏమీ అనకుండా చీటీ రాయడం మొదలుపెట్టాను.

"ఒకటి చెప్పుర్రి సార్," అంది. "మొన్న నన్ను పేరు పెట్టి పిలిచి, బాల్కొండకు పోకు, ఇక్కడ్నే ఉండు అన్నడు. గది ఆయనకే అనిపించిందా, గోలీకి అనిపించిందా?"

కలం ఆపాను. చెప్పగలిగిన జవాబులు చాలానే ఉన్నాయి. థాలమస్ గురించి, దారాల గురించి మళ్లీ చెప్పవచ్చు. ఆమెకు నచ్చే మాట ఏదైనా ఒకటి అనవచ్చు.

"నాకు తెల్వదమ్మా," అన్నాను.

ఆమె చీటీ తీసుకుని మడిచి, సంచిలో పెట్టుకుంది. మోర్తాడ్ బస్సుకు వేళవుతోందని లేచింది. తలుపు దగ్గర ఆగి అంది.

"గీ మాట గా మొదటి రోజే అంటే అయిపోతుండె గద సార్."